డెన్మార్కు తీరమున సుద్దగోడ

డెన్మార్కు దేశపు రాజధానియగు కోపెన్‌హేగనునకు దక్షిణముగా, బాల్టికు సముద్రతీరమున, స్టెవ్న్సు క్లింటు అను తెల్లని గోడ యొకటి కలదు. గోడ యనుటయే గాని అది మనుష్యులు కట్టినది కాదు. పొలములతో చదునుగా వచ్చిన నేల సముద్రము కడకు వచ్చునప్పటికి కత్తితో కోసినట్లు నిలువుగా తెగి, లోపలి తెల్లదనమును బయటపెట్టినది. దాని పొడవు సుమారు 15 కిలోమీటర్లు. మిక్కిలి యెత్తైన తావున 41 మీటర్లు. హిమాలయములు గల దేశమునుండి పోయినవారికిది యొక గట్టువలె దోచును. అయినను 2014వ సంవత్సరమున యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. భూమిమీద జరిగిన యొక మహామరణపు వ్రాత యీ గోడయందు చక్కగా నిలిచియున్నదని వారి నిర్ణయము. ఆ వ్రాతలోని యక్షరములు వట్టి కంటికి కనబడవు. వానిని చదివినవారెవరో, ఎట్లు చదివిరో తెలిసికొనవలెనను కోరికతో మేమును మా వదినయు నొక జూను మాసమున నచ్చటికి పోయితిమి.

కోపెన్‌హేగనునుండి కోగె యను పట్టణము వఱకు నొక బండి, అచ్చటినుండి రోద్విగు రేవు వఱకు వేఱొక చిన్న బండి. దారి పొడవునను పచ్చని చేలు, నడుమ నడుమ తెల్లని గోడల పల్లెగుళ్ళు. రోద్విగునుండి గట్టు అంచు వెంబడి కాలిబాట సాగును. కుడిప్రక్క సముద్రము, ఎడమప్రక్క పైరు. అంచున నిలిచి తొంగిచూడవద్దని బాటసారులకు హెచ్చరిక. అది వట్టి మాట కాదని హోయరుపు పల్లెలోని పాతగుడిని చూచిన పిదప మాకు తెలిసినది.

ఈ గుడి పదుమూడవ శతాబ్దినాటిది. సముద్రములో మునుగబోయి బ్రతికిన నావికుడొకడు మ్రొక్కుకొని కట్టించెనని ఊరివారు చెప్పుదురు. కట్టిననాడు సముద్రము దూరముగా నుండెనట. ఏటేట గట్టు విఱిగిపడుచు సముద్రము దగ్గఱకు వచ్చుచుండగా, గుడి ప్రతి క్రిస్మసు రాత్రి కోడియడుగంత లోపలికి జరుగుచుండునని ఒక కథ పుట్టినది. కాని 1928వ సంవత్సరము మార్చి నెలలో గుడి తూర్పుభాగము, గర్భగుడి వంటి చోటు, గట్టుతో కూడ సముద్రములో కూలినది. అప్పటికే ఊరివారు మఱికొంత లోపలికి క్రొత్తగుడి కట్టుకొనియుండిరి. ఇప్పుడు పాతగుడిలోనికి పోయినచో, పూజాపీఠ ముండవలసిన చోట ఆకాశమును నీలపు నీరును కనబడును. కథ విని మా వదిన, “ఆ యేడు కోడి నిదురపోయి యుండును,” అనినది.

గుడి ప్రక్కనుండి మెట్లు దిగి సముద్రపు టొడ్డునకు చేరితిమి. ఇచ్చట నిలిచి చూచినగాని గోడ యొక్క కూర్పు తెలియదు. క్రిందిసగము మెత్తని తెల్లసుద్ద. దానిలో నక్కడక్కడ నల్లని చెకుముకిరాళ్ళు వరుసలుగా, చీర కుచ్చెళ్ళలోని చారలవలె, అడ్డముగా సాగియున్నవి. పైసగము కొంచెము పసుపువన్నె గల గట్టి సున్నపురాయి. అలలు తగిలి క్రింది సుద్ద త్వరగా అరిగిపోవును. పైరాయి నిలిచియుండి చూరువలె ముందుకు పొడుచుకొని వచ్చును. తుదకు బరువాగక విఱుగును. గుడి కూలుటకు కారణమిదియే. సుద్దకును సున్నపురాతికిని నడుమ, చూరు క్రింది నీడలో, లోపలికి తినివేసినట్లున్న సన్నని బూడిదవన్నె చార యొకటి కలదు. దాని మందము కొన్ని సెంటిమీటర్లు మాత్రమే.

“ఈ గీతకొఱకేనా వదినా, ఇంతదూరము నన్ను రైలెక్కించి తెచ్చితివి?” అని మా వదిన యడిగినది. ఆమె తప్పేమియు లేదు. చూచుటకు అది తలుపు సందున చేరిన మురికివలె నున్నది. దానిని చేరుకొనుటకు ముందు దాని క్రిందనున్న తెల్లదనమేమో చెప్పవలెను.

సుద్ద యనగా మన బడులలో పలకలపైని నల్లబల్లలపైని వ్రాసినది. డేనులు తమ భాషలో ఈ గోడలోని సుద్దను “వ్రాత సుద్ద” అనియే పిలుతురు. (ఇప్పుడు అంగళ్ళలో అమ్ము సుద్దముక్కలు పెక్కు జిప్సముతో చేసినవి, అందులో మేము చెప్పబోవు వింత యేమియు లేదు.) వ్రేలితో తాకినచో పిండివలె అంటును. ఆ పిండి యేమి? 1836వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు ఎరెన్‌బెర్గు, ఇదే బాల్టికు సముద్రములోని ర్యూగెను ద్వీపపు సుద్దను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచి, అందు గుండ్రని చిన్ని పలకలుండుట కనిపెట్టెను. అవి రాతిలో తమంతట నేర్పడిన రవ్వలని ఆయన తలచెను. 1858లో ఇంగ్లాండున హక్స్‌లీ అట్లాంటికు సముద్రపు టడుగుననుండి పైకి తీసిన బురదలో నట్టి పలకలనే చూచి, వానికి కాకొలిత్తులని పేరు పెట్టెను. ఆయనయు తొలుత నివి ప్రాణిసంబంధమైనవి కావనియే యనుకొనెను. 1861లో సార్బీ, వాలిచ్ అను నిద్దఱు అవి జీవుల గుల్లలే యని తెలిపిరి. 1868లో హక్స్‌లీ నార్విచ్ నగరపు కార్మికుల కొక సుద్దముక్కను గూర్చి యుపన్యాసమిచ్చెను. వడ్రంగి తన జేబులో వేసికొని తిరుగు సుద్దముక్కలో లోకచరిత్రలో నొక ముఖ్యాధ్యాయ మున్నదని ఆయన చెప్పిన తీరు నేటికిని శాస్త్రోపన్యాసములకు మేలుబంతి.

సముద్రపు పైనీటిలో, ఎండ తగులునంత లోతున, ఒక్కటే కణము గల నాచుజాతి జీవులు తేలుచుండును. ఒక్కొక్క జీవియు సున్నముతో చిన్ని పలకలను చేసికొని, వానిని తనచుట్టు డాళ్ళవలె కప్పుకొనును. ఆ పలకలే కాకొలిత్తులు. తలవెండ్రుక అడ్డుకొలతలో పదింటిని వరుసగా పేర్చవచ్చును. స్టెవ్న్సు సుద్దలో చాలభాగ మివియే. వీనితోపాటు ఫొరామినిఫెరా యను నింకొక తెగ జీవుల గుల్లలు నుండును. ఇవి కొంచెము పెద్దవి, సన్నని యిసుకరేణువంత. ఒకదానిప్రక్క నొకటిగా గదులు కట్టుకొనుచు పెరుగును గావున కొన్ని గవ్వలవలె, కొన్ని ద్రాక్షగుత్తులవలె నుండును.

కోపెన్‌హేగనులో మాకు పరిచయమైన యొక విద్యార్థిని తన సూక్ష్మదర్శినిలో మాకీ రెండింటిని చూపినది. ఆమె చేసిన పని చూచినప్పుడు మాకు మన వంటయింటి పనులే జ్ఞప్తికి వచ్చినవి. సుద్దముక్కను నీటిలో ముంచి పండ్లు తోము కుంచెతో రుద్దును. తెల్లనీటిని వంచివేసి, అడుగున నిలిచినదానిని మఱల కడిగి, బియ్యము కడిగినట్లు కడుగు తేటయగువఱకు కడుగును. మిగిలినదానిని సన్నని జల్లెడలో పోసి జల్లించును. ఆఱిన పిమ్మట నల్లని పళ్ళెరములో పలుచగా పఱచి, సూక్ష్మదర్శినిలో చూచుచు, తడిపిన సన్నని కుంచె మొనతో నొక్కొక్క గుల్లను ఏఱి గడులు గీచిన యట్టపై పెట్టును. బియ్యములో రాళ్ళేఱిన చేతికి ఈ పని క్రొత్తది కాదు. తేడా యొక్కటే, ఇచ్చట ఏఱి పాఱవేయునది యేమియు లేదు. మధ్యాహ్నము మొదలుకొని సాయంకాలము వఱకు కూరుచున్నచో కొన్ని వందల గుల్లలు వచ్చును.

కాకొలిత్తులను ఏఱుట మాత్రము సాధ్యము కాదు. మనము వంచివేసిన తెల్లనీటిలోనే అవి యున్నవి. సూదిమొనకు తగిలినంత సుద్దను నీటిచుక్కతో గాజుపలకపై పూసి, వేయిరెట్లు పెద్దదిగా చూపు కటకముతో చూడవలెను. వెలుతురును వడగట్టు రెండు పలకలను పైనను క్రిందను అడ్డముగా నుంచినప్పుడు చూపంతయు చీకటియై, ఆ చీకటిలో చిన్ని చిన్ని వెలుగు బిళ్ళలు కనబడును. ప్రతి బిళ్ళయందును నల్లని గాలిమరవంటి గుఱుతు. పలకను త్రిప్పినచో ఆ గాలిమరలు నిజముగా తిరుగుచున్నట్లుండును. మా వదిన యా కటకమువద్దనుండి చాలసేపు లేవలేదు. “చాలు, లెమ్ము, నాకును చూపుము” అని మే మడిగి లేపవలసివచ్చెను.

ఇంత చిన్న పలక యొంటరిగా సముద్రపు టడుగునకు చేరవలెననిన నెలలు, సంవత్సరములు పట్టును, దారిలోనే కరగిపోవచ్చును. కాని ఈ నాచును మేయు చిన్ని రొయ్యజాతి పురుగులు కలవు. అవి జీర్ణము చేసికొనలేని పలకలను ఉండలుగా విసర్జించును. ఆ యుండలు త్వరగా దిగును. కవులు పాలనురుగుతోను వెన్నెలతోను పోల్చదగిన ఈ తెల్లనిగోడలో పెద్దపాలు పురుగుల మలమని వినుటకు మొదట మాకు కొంచెము కష్టముగా నుండెను. పొలమునకు ఎరువు వేయు దేశమువారమగుటచే వెంటనే సర్దుకొంటిమి. ఇట్లు పేరుకొనిన సుద్ద వేయి సంవత్సరములకు అంగుళమో రెండంగుళములో పెరుగును. రాజరాజనరేంద్రుని కాలమునుండి నేటి వఱకు పేరుకొనినను మన బొటనవ్రేలు పొడవు మించదన్నమాట. ఆ లెక్కతో మా తలపైని గోడను కొలిచిచూచుకొంటిమి.

ఇక ఆ బూడిద చారయొద్దకు వత్తము. అందు చేపల పొలుసులు, పండ్లు దొరకుటచే దానికి “చేపమన్ను” అని పేరు. దాని వయస్సు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములు. దానిక్రింది సుద్దను ఏ తావున గీకి చూచినను బొద్దుగా, రకరకములైన అలంకారములతో, ఫొరామినిఫెరాలును కాకొలిత్తులును నిండియుండును. చారకు పైన చూచినచో ఆ కళకళ యేదియు లేదు. నీటిపై తేలు ఫొరామినిఫెరా జాతులలో నించుమించుగా నన్నియు పోయినవి. కాకొలిత్తులను చేయు జీవులలో పదింట తొమ్మిది జాతులు పోయినవి. డైనోసారులను పెద్దజంతువులు నశించిన సంగతి పిల్లలుకూడ చెప్పుదురు. అవి నశించినది అప్పుడే. కాని ఒక డైనోసారు యెముక చారకు క్రింద దొరకి, పైని దొరకకపోయినంతమాత్రమున ఏమి తేలును? ఎముకలు దొరకుట యరుదు. ఒక చిటికెడు సుద్దలో కాకొలిత్తులు లక్షలుగా నుండును. మరణము సంభవించినది ఏ యంగుళమునందో చెప్పగలిగినవి ఈ చిన్నవియే.

ఈ లెక్క వ్రాసినవారిలో స్త్రీలు పెక్కుమంది యుండుట మన పాఠకురాండ్రకు తెలియవలెను. ఇటలీలో గుబ్బియో పట్టణము చెంత కొండదారిలో, ఇట్టి సరిహద్దు ఏ రాతిపొరయొద్ద నున్నదో ఫొరామినిఫెరాలనుబట్టి గుర్తించి 1964లో ప్రకటించినవారు ఇసబెల్లా ప్రెమోలి సిల్వా, లూటర్‌బాహరు అను నిరువురు. పొరకు క్రింద పెద్ద గుల్లలు. పైన సూదిమొనంత గుల్లలు. నడుమ వ్రేలెడు మన్ను. ఆ మన్నేమని వెదకిన వాల్టరు ఆల్వరెజును, ఆయన తండ్రి లూయీ ఆల్వరెజును, ఆసరో, హెలెను మిచెలు అను రసాయనశాస్త్రజ్ఞులును 1980లో తమ ఫలితములను వెల్లడించిరి. భూమిపై మిక్కిలి యరుదుగాను, ఉల్కలలో నెక్కువగాను నుండు ఇరిడియమను లోహము ఆ మన్నులో చాల హెచ్చుగా నున్నదని వారు చూపిరి. గుబ్బియోలో అది చుట్టుప్రక్కల రాతికన్న 30 రెట్లు; మేము చూచుచున్న స్టెవ్న్సు చేపమన్నులో 160 రెట్లు! ఆకాశమునుండి సుమారు 10 కిలోమీటర్ల యుల్క పడి, దాని ధూళి లోకమంతయు కప్పెనని వారి వాదము. ఆ యుల్క పడిన గుంట పిమ్మట మెక్సికో దేశపు యుకటాన్ తీరమున బయటపడినది. అంతకుముందే 1969లో కాటరీనా పెర్ఖ్-నీల్సెన్ అను నామె డెన్మార్కు సుద్దలలోని కాకొలిత్తులను జాతిజాతిగా వర్ణించి ప్రకటించియుండెను. సరిహద్దునకు క్రింద ఎవరున్నారో, పైన ఎవరు మిగిలిరో పేరుపేరున చెప్పుటకు అట్టి పట్టికలే ఆధారము. ఉల్కనుగూర్చి పత్రికలు పుటలు నింపినవి. పట్టిక వ్రాసినవారి పేరు వానిలో వెదకిన దొరకదు.

బ్రతికిన వారిని గూర్చి యొకమాట. పెద్దజాతులు, అలంకారములు గలవి, వెచ్చని లోతైన నీటికి మరిగినవి పోయినవి. గుంబెలిట్రియా యను నల్పజీవి, ఏ నీటిలోనైనను బ్రతుకగలది, మిగిలి, మరణానంతరపు సముద్రమును కొంతకాలము తానే యేలినది. చేపమన్నుకు పైనున్న గట్టిరాయిని కట్టినవి వేఱొక తెగ. అవి సముద్రపు టడుగున గుంపులుగా నివసించు నాచువంటి చిన్నిజంతువులు. పాతగుడి గోడలలోని రాతిదిమ్మలు ఆ రాతినుండి కోసినవే. చచ్చినవారి పొరపై బ్రతికినవారు కట్టిన యిల్లు కొల్లగొట్టి మనుష్యులు గుడి కట్టిరి. దానిని సముద్రము తిరిగి పుచ్చుకొనుచున్నది.

ఉల్క పడినమాట నిజమైనను, చావునకు అదొక్కటే కారణమా యనునది పండితులలో నొక పెద్ద తగవు. 2010లో 41 మంది శాస్త్రజ్ఞులు కలిసి ఉల్కయే యని వ్రాసిరి. ప్రిన్‌స్టను విశ్వవిద్యాలయపు గెర్టా కెల్లరు దానిని ఒప్పుకొనదు. ఆ కాలముననే వేఱొక చోట భూమి పగిలి, లక్షల సంవత్సరములు లావా ప్రవహించి, ఆకాశమును గంధకపు పొగతో నింపినది. చంపినది ముఖ్యముగా నదియే యని ఆమె వాదము. ఆ చోటు ఏది? మన దక్కను పీఠభూమి. డెన్మార్కు గోడక్రింద నిలిచి మే మీ మాట చెప్పునప్పటికి మా వదిన చెకుముకిరాయి ఏఱుకొనుట మాని మావైపు తిరిగినది.

సహ్యాద్రి ప్రాంతమున పుట్టిన లావాలో కొంత, సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి, రాజమహేంద్రవరపు ప్రాంతమున బంగాళాఖాతపు నీటిని తాకినది. ఒక ప్రవాహము వచ్చి గట్టిపడినది. కొంతకాలమునకు సముద్రము దానిమీదికి వచ్చి సున్నపుమన్ను పఱచినది. మఱల నొక ప్రవాహము వచ్చి దానిని కప్పినది. నల్లరాతి రెండు పొరల నడుమ, రొట్టెల నడుమ వెన్నవలె, సున్నపురాతి పొర నిలిచినది. ఇది సుద్ద కాదు. ఇందు స్టెవ్న్సు తెల్లదనము లేదు. అయినను ఇందు ఫొరామినిఫెరాలున్నవి. రాజమహేంద్రవరపు రాతిగనులలోని ఆ పొరను గెర్టా కెల్లరును ఆమె తోడివారును పరిశీలించి 2008లో ఫలితములు ప్రకటించిరి. అందు దొరకిన గుల్లలు మహామరణము ముగిసిన స్వల్పకాలమునకే పుట్టిన తొలి చిన్నిజాతులవి. కావున ఆ పొరకు క్రిందనున్న లావా మరణసమయమునకు ముందుగా వచ్చినదని వారు నిర్ణయించిరి. తరువాత కృష్ణా గోదావరుల ప్రాంతమున ఓఎన్‌జీసీవారు చమురుకొఱకు వేసిన లోతుబావులనుండి తీసిన రాతిని కూడ పరిశీలించి 2011లో వ్రాసిరి. లావా వచ్చుటకు పూనుకొనినప్పటినుండియే సముద్రపు జీవులు తగ్గుచు వచ్చినవని వారి లెక్క. ఉల్కవాదులు దీనిని ఒప్పుకొనలేదు. మా మట్టుకు, ఇంటికి నిప్పంటుకొనియుండగా పిడుగుకూడ పడినచో దోషము దేనిదని తగవులాడుట వకీళ్ళ పని. కాని సాక్ష్యము రెండుచోట్ల దొరకుట, అందొకటి గోదావరి యొడ్డున నుండుట మాకు సంతోషముగా నుండెను.

“ఆ గనులు ఏ యూరిలో నున్నవి?” అని మా వదిన యడిగినది.

“కాతేరు, గౌరీపట్నము, పంగిడి.”

“పంగిడియా! మా కొవ్వూరు దగ్గఱ పంగిడియేనా? అయ్యో వదినా, మా చిన్నతనమున రోజూ ఆ రాతిబండ్లు మా వీధినుండి పోయెడివి. మా పెరటి నూతిగట్టుకు వేసిన రాళ్ళు అచ్చటివే. నడుమ తెల్లరాయి వచ్చినచో పనికిరాదని ప్రక్కకు త్రోసివేసెడివారు.”

స్టెవ్న్సులో గోడను సుత్తితో తాకరాదు. ఒడ్డున రాలిపడినవానిని మాత్రము ఏఱుకొనవచ్చును. పంగిడిలోను గౌరీపట్నములోను రోడ్లకు కంకరకై నల్లరాయి పగులగొట్టుచున్నారు. గని లోపలికి పోయినకొలది ఆ సున్నపుపొర నేడొక గోడలో కనబడును, రేపు పొడియగును. ఒక విధముగా గని లేనిచో ఆ పొరను ఎవరును చూచియే యుండరు.

సాయంకాలము మెట్లెక్కితిమి. మా వదిన చీర అంచంతయు సుద్ద పట్టి తెల్లనైనది. దులుపబోయి ఆగి, “గాలిమరలు,” అని నవ్వినది. రోద్విగు బండి యెక్కిన పిదప, సంక్రాంతికి కొవ్వూరు పోవునప్పుడు సన్నని జల్లెడయు, పండ్లు తోము కుంచెయు కూడ తీసికొని పోవలెనని, పెరటి నూతిగట్టున తెల్లరాయి యేదైన మిగిలియున్నదేమో చూడవలెనని ఆమె తన తమ్మునికి ఉత్తరము వ్రాయ మొదలిడెను.